ఎర్రచుక్క అవతల

తెర మీద కుడి మూలన ఎర్రచుక్క పడగానే లాయరమ్మకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున వచ్చి కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చబడనైనా లేదు.

"నీ మొహం మండ, మళ్ళీనా!" అనేసి నాలుక కరుచుకుంది. చెవిలో ఫోను ఉంది, ఫోనులో అవతల ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ప్రింటరు పెట్టిన కాగితాన్నల్లా నమిలేస్తోందట.

"నన్నేనా అమ్మా?" అన్నాడాయన, పాపం.

"అయ్యయ్యో, మిమ్మల్నెందుకంటానండీ, ఆ దిక్కుమాలిన ప్రింటర్ని! మీరు దాని వెనక్కి చెయ్యి పోనివ్వండి. చిన్న తలుపులాంటిది తగిలిందా? దాన్ని మీవైపు లాగండి. భయపడకండి, విరగదు. విరిగితే నన్ను తిడుదురుగాని."

పెద్దాయన లాగాడు. నలిగిన కాగితం ముక్క ఒకటి బయటికొచ్చింది. "తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి" అంటూ ఆయన ఫోను పెట్టేశాడు. చుక్క మాత్రం మూలన అలాగే ఉంది.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. ఆఫీసులో అందరికీ లాయరమ్మే. లిఫ్టు ఎందుకు ఆలస్యమైందని లిఫ్టుతోనే వాదించగల మనిషి. ఆ ఆఫీసు పని ఏమిటంటే, ఎక్కడో ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్లూ ప్రింటర్లూ అమ్ముతుంది. అవి మొరాయించినప్పుడు జనం చేసే ఫోన్లు ఆ కంపెనీకి పోవు, ఇక్కడికొస్తాయి. అమ్ముకునేది వాళ్ళు, తిట్లు తినేది వీళ్ళు. ఆ తిట్లన్నీ తిని కూడా అవతలి మనిషిని నవ్వించి ఫోను పెట్టించడంలో తనను మించినవాళ్ళు ఆ హాల్లో లేరని లాయరమ్మే చెప్పుకుంటుంది. ఎవరూ కాదనరు.

అంతా సవ్యంగానే సాగుతుండగా కిందటి వారం ఆ పెద్ద కంపెనీ కొత్త రూలు ఒకటి పంపింది. ప్రతి తెర నెత్తినా శనగగింజంత కెమెరా పెట్టారు. కూర్చున్న మనిషి కళ్ళు తెర మీద ఉన్నాయా లేదా అని అది కనిపెడుతూ ఉంటుంది. కళ్ళు కాసేపు పక్కకు పోయాయా, పని మీద ధ్యాస లేనట్టే లెక్క, చుక్క పడుతుంది. చుక్కకు అటూ ఇటూ కాస్త సేపటి వీడియో ఇంకో ఊళ్ళో ఉన్న ఇంకో కంపెనీకి పోతుంది. అక్కడ మనుషులు కూర్చుని దాన్ని చూసి, చుక్క ఉంచాలో తీసేయాలో మీట నొక్కుతారు. వీడియోలో బొమ్మే తప్ప మాట వినిపించదు. చుక్కలు మరీ ఎక్కువైతే ఆ మనిషిని ఈ పనిలోంచి తీసేస్తారు.

లాయరమ్మ కళ్ళేమో పుట్టినప్పటినుంచీ రెండూ కలిసి ఒక చోట చూసిన పాపాన పోలేదు. మెల్ల. కుడికన్ను తెరను చూస్తూంటే ఎడమకన్ను కిటికీ వైపు షికారు పోతుంది. ఇక చెప్పేదేముంది, రూలు వచ్చిన రోజు నుంచీ ఆమె తెర మూలన చుక్కలు అమ్మవారు పోసినట్టు పడుతున్నాయి.

టీము లీడు వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. చిన్న పిల్ల, మెడలో గుర్తింపు కార్డు తాడును పళ్ళతో కొరుక్కునే అలవాటు. "అక్కా, మేనేజర్ గారు రమ్మంటున్నారు" అంది, తప్పు తనదే అయినట్టు.

మేనేజరు గదిలో చల్లగా ఉంటుంది. ఆయన తన తెరను వీళ్ళ వైపు తిప్పాడు. హాల్లో చాలా పేర్లు పచ్చగా, కొన్ని పసుపుగా ఉన్నాయి, ఎర్రగా ఉన్నది మాత్రం ఒక్క పేరే.

"చూడమ్మా, ఇది నా రూలు కాదు. క్లయింటు రూలు." క్లయింటంటే ఆ పెద్ద కంపెనీ. ఆ మాట పలికినప్పుడల్లా ఆయన కుర్చీలో కాస్త నిటారుగా సర్దుకుంటాడు.

"నేను తెరనే చూస్తున్నాను సార్."

"మిషను ఒప్పుకోవట్లేదు కదా."

"మిషను ఒప్పుకోకపోతే నేను గుడ్డిదాన్నైపోతానా? నేను మాట్లాడిన ఫోన్లు తీసి వినండి. ఎవరన్నా ఒక్కరు నామీద ఫిర్యాదు చేశారేమో చూడండి."

"ఫోన్ల గురించి కాదు, నేను మాట్లాడేది చూపు గురించి." ఆయన గొంతు తగ్గించి, ఏదో మేలు చేస్తున్నవాడిలా ముందుకు వంగాడు. "ఈ మెల్లకి ఆపరేషన్ ఉందటగా. చిన్నదేనట. చేయించేసుకోరాదూ? చూడ్డానికి కూడా బాగుంటుంది."

లీడు తల వంచేసుకుంది. లాయరమ్మ ఎడమకన్ను ఆయనకు కనపడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

"ఈ శుక్రవారం దాకా చూస్తాను. చుక్కలు ఇలాగే ఉంటే ఇక నా చేతుల్లో ఏం లేదు. లేదంటే వెనక గదిలో టైపు పని ఉంది, అక్కడ కెమెరా లేదు, మాట్లాడే అవసరమూ లేదు. ఆలోచించుకోండి" అని మేనేజరు తెర తనవైపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మం దగ్గర కూర్చుని పాత ఫ్యాను విప్పి రెక్కలు తుడుస్తున్నాడు. అతను నడిపే బస్సు రూటు ఎత్తేసినప్పటి నుంచీ ఇంట్లో విప్పని వస్తువు లేదు. ప్రస్తుతానికి ఇల్లు నడిచేది లాయరమ్మ జీతం మీదే. ఆ సంగతి ఎవరూ పైకి అనరు. వెనక గది టైపు పనికి సగం జీతమని ఆమెకు తెలుసు. మొగుడితో ఏమీ చెప్పకుండా వంటింట్లోకి పోయింది.

అత్తగారు గిన్నెలు తుడిచి బోర్లిస్తోంది. ఆవిడకు బొత్తిగా వినపడదు. అందుకని ఆ ఇంట్లో కబుర్లన్నీ చేతులతోనే. కోడలి మొహం చూడగానే ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది.

లాయరమ్మ మొదలుపెట్టింది. ముందు బొజ్జ చూపించి మేనేజరును నిలబెట్టింది. నెత్తిమీద వేలు పెట్టి కెమెరా చూపించింది. తన ఎడమకన్ను చూపించి, చెయ్యి కిటికీ దాకా పోనిచ్చి, గాలిలో చుక్కలు పొడిచింది. చివరికి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి కంటి దగ్గర పెట్టుకుని, "చేయించుకోమంటున్నాడు" అన్నట్టు తలాడించింది. అక్కడికొచ్చేసరికి దుఃఖం ఆగలేదు. గట్టు మీద చేతులు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తగారికి అన్నీ అర్థమయ్యాయి. "వాడి బుర్రకి చేయించుకోమను ఆపరేషన్! ఉంటే గదా చెయ్యడానికి!" అని అరిచింది. వినపడని మనిషి కదా, వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది. ఫ్యాను దగ్గర నుంచి మొగుడు, "ఎవడికే అమ్మా?" అని కేకేశాడు.

ఏడుస్తున్నదల్లా లాయరమ్మ నవ్వేసింది. నవ్వుతూనే ఆగిపోయింది. ఒక్క మాట వినపడకుండా ఈవిడకు ఇంత కథా అర్థమైంది. మరి ఆ ఊళ్ళో కూర్చుని చూసేవాళ్ళూ మనుషులే కదా?

మర్నాడు మొదటి చుక్క పడగానే కెమెరా వైపు వేలు చూపించి నాలుగు దులిపేసింది. పెదాలు కదలడం చూసి ఏమనుకున్నారో ఏమో, చుక్క పోలేదు. పోయేదెలా, తిట్టించుకుని ఎవరు మేలు చేస్తారు? రెండో చుక్కకు బుద్ధి తెచ్చుకుంది. ఒకావిడ కంప్యూటరు ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేదాకా లైన్లో ఆగి ఉంది. "ఒక్క క్షణం అలాగే ఉండండమ్మా, అది లేస్తుంది, దానికి బద్ధకం" అంటూనే లాయరమ్మ ఎడమ అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది. కుడిచేతి వేలు తెర మీద ఒక వరుస వెంట నడిపిస్తూ చదివింది. తర్వాత కుడికన్ను మూసింది. షికారు పోయిన ఎడమకన్ను అప్పుడు బుద్ధిగా మధ్యకొచ్చింది. దాంతోనూ అదే వరుస చదివింది. రెండు చేతులూ తీసేసి, ఇదమ్మా సంగతి అన్నట్టు కెమెరా ముందు అరచేతులు తెరిచింది.

ఫోనులో ఆవిడ, "లేచిందండీ!" అంది.

"లేవదూ మరి!" అంది లాయరమ్మ. ఆ ఫోను అయిపోయింది, ఇంకొకటి తీసుకుంది, అదీ అయిపోవచ్చింది. అప్పుడు చూస్తే మూలన చుక్క లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నిజంగానే లేదు. అవతల ఎవరో ఉన్నారు, చూశారు, అర్థం చేసుకున్నారు. ఆడో మగో తెలీదు, ఏ వయసో తెలీదు, కానీ ఉన్నారు. తర్వాతి చుక్క పడేదాకా ఆగలేక కావాలనే కిటికీ వైపు మొహం తిప్పి చుక్క వేయించుకుంది. కెమెరాకు చెయ్యి ఊపింది, గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ చుక్కా పోయింది.

"ఏంటక్కా, ఎవరికి చెయ్యూపుతున్నావు?" పక్క సీటు నిచ్చెన అడిగింది. మనిషి పొడుగని ఆ పేరు. ఏదైనా గుర్తు తెచ్చుకోవాలంటే కప్పు వైపు చూస్తుంది, చూసినప్పుడల్లా ఆమెకూ ఓ చుక్క పడుతుంది.

"చుట్టాలకి" అంది లాయరమ్మ.

సంగతి విన్నాక నిచ్చెన ఊరుకుంటుందా? చుక్క పడగానే కప్పు చూపించి, కణత మీద తట్టుకుని, ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, టకటకా టైపు చేసి చూపించింది. చుక్క పోయింది. ఆ వెనక కునుకు బాబాయి ఉన్నాడు. అవతలి మనిషి చెప్పేది శ్రద్ధగా వినాలంటే కళ్ళు మూసుకోనిదే ఆయనకు కుదరదు. ఇన్నాళ్ళూ నిద్రపోతున్నాడని మిషను ఆయన పరువు తీసేసింది. ఆయన చెవి ఫోను మీద వేలితో కొట్టి చూపించి, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, కళ్ళు తెరిచి గబగబా రాసి చూపించాడు. మొహంలో ఎంత గాంభీర్యమో! ఆయనవీ పోయాయి. సాయంత్రానికి హాలంతా అదే పని. నోటితో జనానికి ప్రింటర్లు బాగుచేయిస్తున్నారు, చేతులతో ఎవరో తెలియని మనుషులకు తమ పని వివరిస్తున్నారు. లీడు వరుసల మధ్య తిరుగుతూ అంతా చూసింది. తాడు కొరుక్కుంటూ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

బుధవారం మేనేజరు తెర మీద అన్ని పేర్లూ పచ్చగా మెరిశాయి. ఆయన సంబరం అంతా ఇంతా కాదు. హాలు మధ్యకొచ్చి, "చూశారా! క్రమశిక్షణ అంటే ఏంటో ఇప్పుడు తెలిసింది మీకు" అని అందరినీ మెచ్చుకున్నాడు. తన పట్టుదల వల్లే ఇదంతా జరిగిందని పై వాళ్ళకు కబురు కూడా పంపాడు. కునుకు బాబాయి నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో బయటికి పోయాడు.

గురువారం మధ్యాహ్నానికి ఆ సంబరం ఆవిరైపోయింది. చుక్కలు పడటం ఏమీ తగ్గలేదట, పడ్డవన్నీ వీడియోలు చూసే కంపెనీవాళ్ళు తీసేస్తున్నారట. క్లయింటు వాళ్ళు కారణం అడిగి ఆ వీడియోలన్నీ తెప్పించుకున్నారు. మేనేజరు మొహం కందగడ్డలా చేసుకుని హాల్లోకి వచ్చాడు.

"ఈ కోతి చేష్టలు మొదలెట్టింది ఎవరు?"

నిచ్చెన కప్పు చూస్తోంది, బాబాయి కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో ఫ్యాను రెక్కలు తుడుస్తున్న మొగుడు లాయరమ్మ కళ్ళ ముందు మెదిలాడు. అయినా లేచి నిలబడింది.

"నేనే సార్. కోతి చేష్టలు కాదు. జవాబు చెప్పాను."

"ఆ జవాబేదో రేపు క్లయింటు ముందు చెప్పండి. ఆ తర్వాత సామాను సర్దుకుందురుగాని."

ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పేసింది, మొగుడికి మాటలతో, అత్తగారికి చేతులతో. మొగుడు, "రేపు ఏది ఏమైనా ఆ గదిలో తల మాత్రం వంచకు" అన్నాడు. అత్తగారైతే ఆమె గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తింది.

శుక్రవారం మీటింగు గదిలో గోడంత తెర పెట్టారు. తెరలో ఒక పక్క క్లయింటు కంపెనీ పెద్దావిడ, నెరిసిన పొట్టి జుట్టు, మొహంలో ఏ భావమూ తెలియనివ్వని మనిషి. ఇంకో పక్క వీడియోలు చూసే కంపెనీ సూపర్‌వైజరు, ఊరికే దగ్గుతూ ఉన్నాడు. ఇటువైపు మేనేజరూ లాయరమ్మా. తలుపు మూయబోతుంటే లీడు లోపలికొచ్చి లాయరమ్మ పక్క కుర్చీలో కూర్చుంది.

"నిన్ను పిలవలేదే" అన్నాడు మేనేజరు.

"నా టీము సార్" అంది ఆ పిల్ల. కార్డు తాడు కొరుక్కుంది కానీ లేవలేదు.

మేనేజరు మొదలుపెట్టాడు. మిషనును మోసం చేశారన్నాడు, చూసేవాళ్ళను బుట్టలో వేసుకున్నారన్నాడు, మిగతావాళ్ళను చెడగొట్టిందీవిడేనని వేలు చూపించాడు. "మీరే చూడండి మేడమ్" అంటూ వీడియోలు ఒక్కొక్కటీ పెట్టాడు.

గోడ మీద లాయరమ్మ ఒక కన్ను మూసుకుని వేలితో వరుస చదివింది. రెండో కన్ను మూసి మళ్ళీ చదివింది. నిచ్చెన కణత తట్టుకుంది. కునుకు బాబాయి కళ్ళు మూసుకుని తలాడిస్తూ విని, కళ్ళు తెరిచి రాశాడు. ఇంకెవరో కుర్చీ కింద పడ్డ వైరు చూపించి, వంగి పెట్టుకుని, లేచి చెయ్యూపారు. ఒకరి తర్వాత ఒకరు, అందరి చెవుల్లోనూ ఫోను ఉంది, అందరి పెదాలూ కదులుతున్నాయి, ఏ ఒక్కరి పనీ ఆగలేదు. లాయరమ్మకు తమ హాలును అలా బయటి నుంచి చూడటం అదే మొదటిసారి. అబ్బ, ఎంత పని చేస్తున్నాం మనం అనిపించింది.

పెద్దావిడ సూపర్‌వైజరును అడిగింది. "ఇవన్నీ మీవాళ్ళు ఎందుకు తీసేశారు?"

ఆయన దగ్గాడు. "మీరు మాకిచ్చిన ప్రశ్న ఒక్కటేనండీ. ఈ మనిషి పని చేస్తున్నారా, లేదా? చేస్తున్నారు. అందుకని తీసేశారు."

"సార్, కళ్ళు తెర మీద లేకపోతే..." అని మేనేజరు అందుకోబోయాడు.

"ఇంకొక్క సంగతండీ" అన్నాడు సూపర్‌వైజరు. "మావాళ్ళ సీట్లకి కూడా మీ కెమెరాలే ఉన్నాయి. ఈ వారం మావాళ్ళందరికీ తెగ చుక్కలు పడ్డాయి. ఎందుకో తెలీక నేనే కూర్చుని చూశాను. ఇదిగోండి."

తెర మీద ఇంకో హాలు వచ్చింది. అచ్చం ఇలాంటి కుర్చీలే, ఇలాంటి బల్లలే. ఒకమ్మాయి తన తెరను చూస్తూ మెల్లగా అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది. తీసేసి కుడికన్ను మూసుకుంది. పక్కనున్న మీసాలాయన ఏంటని అడిగి, చూసి, తనూ కన్ను మూసుకున్నాడు. ఆ వెనక ఇంకొకరు. వరుస వరుసంతా ఒక్కో కన్ను మూసుకుని, లాయరమ్మ చెప్పింది నిజమేనా అని పరీక్షించి చూసుకుంటున్నారు.

లీడు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాయరమ్మకు మాత్రం నవ్వు రాలేదు, కళ్ళు నిండిపోయాయి.

పెద్దావిడ తన చెయ్యి పైకెత్తి ఒక కన్ను మూసుకుంది. ఎదురుగా ఉన్నదేదో చూసింది. చెయ్యి మార్చి రెండో కన్ను మూసుకుని చూసింది. చెయ్యి దించి, "మీ కళ్ళల్లో ఇప్పుడు నన్ను చూస్తున్నది ఏది?" అని లాయరమ్మను అడిగింది.

"కుడిదండీ. ఎడమది మిమ్మల్ని తప్పించుకుని పోతోందనుకోకండి, దాని తీరే అంత. చిన్నప్పటి నుంచీ ఎవరి మాటా వినదు."

పెద్దావిడ పకాలున నవ్వింది. ఆ మొహానికి నవ్వు వచ్చునని ఎవరూ అనుకుని ఉండరు. "ఆ చూపు కొలిచేదాన్ని ఆపేయండి" అంది.

"ఈవిడ సీటుకేనా మేడమ్?"

"అన్ని సీట్లకీ. ఈవిడ ఈ పనిలోనే ఉంటారు. పాత చుక్కలన్నీ తీసేయండి."

"మేమూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నాం మేడమ్" అన్నాడు మేనేజరు, రెప్ప వాల్చకుండా. ఔరా, ఆ మాటకు ఏ కెమెరా చుక్క వేస్తుంది?

"ఇంకేమైనా ఉందా?" పెద్దావిడ మీటింగు ముగించబోతూ అడిగింది. లీడు మోచేత్తో పొడిచింది, ఇక పద అక్కా అన్నట్టు. లాయరమ్మ కదల్లేదు.

"ఉందండీ. కన్ను మూసుకుని చూసినందుకు వాళ్ళకి పడ్డ చుక్కలు, వాటినెవరు తీస్తారు?"

"అది మనకి సంబంధం లేని విషయం" అన్నాడు మేనేజరు కంగారుగా.

"నా చుక్కలు తీసింది వాళ్ళు సార్. నన్ను ఒక్క మాట అడగకుండా నమ్మింది వాళ్ళు. నాకు సంబంధం ఉంది." ఆమె తెర వైపు తిరిగింది. "వాళ్ళ చుక్కలు పోయేదాకా నేనీ కుర్చీలోంచి లేవనండీ. ఏం చేసుకుంటారో చేసుకోండి."

మేనేజరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పెద్దావిడ ఒక క్షణం ఆమెనే చూసింది. "అక్కడా ఆపేయండి. వాళ్ళవీ తీసేయండి" అంది.

సూపర్‌వైజరుకు ఈసారి దగ్గు రాలేదు. "ఒక్క నిమిషం ఉండండి, మావాళ్ళకి చెప్పొస్తా" అని లేచి వెనక తలుపు తీశాడు. ఆయన మాటలు వినపడలేదు. ముందు ఎవరో ఒకరు ఈల వేశారు, ఆ వెంటనే హాలంతా గోల, చప్పట్లు, బల్లల మీద దరువులు. ఇన్నాళ్ళూ మూగగా ఉన్న ఆ ఊరు ఒక్కసారి నోరు విప్పినట్టయింది. ఆ గోలలోంచి ఓ ఆడగొంతు కేకేసింది. "ఆవిడున్నారా? ఆవిడ లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నా! తిన్నారా మీరంతా?" అంది లాయరమ్మ. కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయింది.

సూపర్‌వైజరు వెనక జనం తోసుకుంటూ గదిలోకి వచ్చేశారు, ఇందాకటి అమ్మాయి అందరికంటే ముందు. లాయరమ్మ తల పైకెత్తి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసుకుంది, కుడికంటితో. ఎడమది ఎటు పోయిందో అక్కడ ఎవరికీ పట్టలేదు. ఆమెకూ పట్టలేదు.